మూడు గ్రాముల సంచి

*పాలు, నీళ్లు, మామిడి గుజ్జు, చివరికి రక్తం కూడా సీసాను వదిలి సంచిలోకి మారిపోయాయి. నిండుగా ఉన్నంతసేపు ఆ సంచిని అందరూ మోస్తారు. ఖాళీ అయ్యాకే దాన్ని పట్టించుకునే నాథుడు ఉండడు.*

తెల్లవారుజామున అయిదు కావస్తోంది. విజయవాడ సత్యనారాయణపురంలో మా పాత అపార్ట్‌మెంట్. లిఫ్టు ఆగిపోయి రెండు రోజులైంది. పాలు వేసే కుర్రాడు చేతికో నైలాన్ సంచి తగిలించుకుని నాలుగో అంతస్తు ఎక్కుతున్నాడు. మలుపు దగ్గర సంచి గోడకు రాసుకుంది. పైనున్న అర లీటరు ప్యాకెట్ జారి మెట్టు మీద పడింది. అక్కడి నుంచి కింది మెట్టు, ఆ కింది మెట్టు, అలా దొర్లుకుంటూ పోయి మూడో అంతస్తు గుమ్మం ముందు ఆగింది. పెద్ద చప్పుడేం కాలేదు. తడిగుడ్డ నేల మీద పడ్డట్టు ఓ చిన్న శబ్దం, అంతే.

కుర్రాడు గబగబా దిగి దాన్ని తీశాడు. అంచులు నొక్కి చూశాడు. బోర్లించి చూశాడు. చొక్కాకు తుడిచి నాకు అందిస్తూ, "ఏం కాలేదండీ, కారట్లేదు" అన్నాడు.

తలుపు తీసిన మూడో అంతస్తు మాస్టారు అంతా చూస్తూనే ఉన్నారు. "మా చిన్నప్పుడు సీసాలండీ. ఈపాటికి మెట్ల నిండా పాలూ, గాజుపెంకులూ ఉండేవి" అన్నారు.

ఆ ప్యాకెట్‌ను వంటింటి త్రాసు మీద పెట్టాను. 518 గ్రాములు. పాలు గిన్నెలో వంచి, కవర్ కడిగి, ఆరబెట్టి మళ్లీ పెట్టాను. అంకె 2కూ 3కూ మధ్య కాసేపు ఊగి 3 దగ్గర నిలబడింది. అర కిలోకు పైబడిన పాలను, ఏడెనిమిది మెట్లు దొర్లినా చుక్క పోకుండా కాపాడింది ఈ మూడు గ్రాములే!

ప్లాస్టిక్ నిషేధం మాట ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసా కనబడకూడదన్నారు, గాజు సీసాలు వచ్చాయి. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒక్కసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం వచ్చింది. ఫ్రూటీ డబ్బాకు అంటుకుని ఉండే ప్లాస్టిక్ స్ట్రా స్థానంలో కాగితం స్ట్రా చేరింది అప్పటినుంచే. పాల కవర్ మాత్రం రోజూ మన గుమ్మంలోకి వస్తూనే ఉంది. దాన్ని తిట్టేముందు అసలు అది ఏం చేస్తుందో, ఎక్కడ తప్పుతుందో చూడాలనిపించింది.

సీసాకు రానూపోనూ బరువే

గాజు సీసా మంచిది. కడిగితే కొత్తదవుతుంది, వాసన పట్టదు. కానీ పాల వ్యాపారంలో దాని బరువు రెండుసార్లు మోయాలి. వచ్చేటప్పుడు పాలతో పాటు దాదాపు పాలంత బరువున్న గాజునూ మోయాలి. పోయేటప్పుడు ఖాళీ సీసా నిండు సీసాకు పట్టేంత చోటే తీసుకుంటుంది. అంటే బండి నిండా గాలి మోసుకుపోతున్నట్టే. ఆ తర్వాత కడగడానికి వేడినీళ్లు, సోడా, మనుషులు. పగిలిన వాటి నష్టం సరేసరి.

ప్యాకెట్‌లో ఈ లెక్క మొత్తం తిరగబడింది. డెయిరీకి ఖాళీ సంచులు రావు, అచ్చు వేసిన ఫిల్మ్ చుట్ట వస్తుంది. యంత్రంలో ఆ ఫిల్మ్ పైనుంచి దిగుతూ ఒక గొట్టం చుట్టూ ముడుచుకుంటుంది. నిలువు అంచును వేడి పట్టీ అతికిస్తుంది. గొట్టంలోంచి పాలు దిగుతుంటాయి. అడ్డంగా రెండు వేడి దవడలు వచ్చి ఒక్క నొక్కు నొక్కుతాయి. ఆ నొక్కుతోనే కింది ప్యాకెట్‌కు మూత, పై ప్యాకెట్‌కు అడుగు రెండూ ఏర్పడతాయి. సంచి తయారవడం, నిండడం, మూసుకోవడం అంతా రెప్పపాటులో అయిపోతుంది.

ఫిల్మ్ మందం 50 మైక్రాన్లకు అటూ ఇటూ, మన తలవెంట్రుక మందానికి దగ్గరగా ఉంటుంది. అందులో రెండు రకాల పాలిథీన్ కలుస్తాయి. ఒకటి సులువుగా అతుక్కుంటుంది. రెండోది సాగుతుంది కానీ చిరగదు. మెట్ల మీద దొర్లిన ప్యాకెట్‌ను కాపాడింది ఈ రెండోదే. సీసా దెబ్బకు ఎదురు నిలిచి పగులుతుంది. సంచి దెబ్బకు ఒంగి, లోపలి పాలను పక్కకు జరిపి తప్పించుకుంటుంది.

ద్రవం నిండి ఉండగానే దాని మీదుగా అతికించడమనే ఉపాయం స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో బాగా పదునెక్కింది. అక్కడ రూబెన్ రౌసింగ్ 1951లో టెట్రా పాక్ సంస్థను పెట్టాడు. గొట్టంలా ఉన్న కాగితాన్ని ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా నొక్కితే నాలుగు మూలల పొట్లం వస్తుందని గుర్తించింది ఆయన దగ్గర పనిచేసిన ఎరిక్ వాలెన్‌బర్గ్. పాలు లోపల ఉండగానే అతికించాలన్న ఆలోచన మాత్రం రౌసింగ్ భార్య ఎలిజబెత్ ఇచ్చిందని చెబుతారు. వంటింట్లో మాంసం కూరిన సాసేజ్‌లకు ముడులు వేస్తుంటే తట్టిందట.

▣ తోలు తిత్తి నుంచి కాన్వాస్ సంచి దాకా

ఒదిగిపోయే నీటి సంచి మనకు కొత్తది కాదు. హైదరాబాద్ వీధుల్లో భిస్తీలు మేకతోలు మష్క్ భుజానికి వేసుకుని నీళ్లు పోసేవారు. నీళ్లు అయిపోతే తిత్తి చంకలో ఇమిడిపోయేది. ఆ తర్వాత లారీల ముందు, జీపుల పక్కన, రైలు కిటికీలకు కాన్వాస్ నీళ్ల సంచులు వేలాడేవి. గుడ్డలోంచి ఊరిన చెమ్మ గాలికి ఆరుతూ లోపలి నీళ్లను చల్లబరిచేది. ఖాళీ అయితే మడిచి సీటు కింద పెట్టుకునేవారు. వాటిని ఎవరూ పారేసేవారు కాదు. చినిగితే కుట్టించుకునేవారు.

గాలికి చోటివ్వదు

సంచి గొప్పతనం ఒక్క తేలికదనంలోనే లేదు. లోపలిది తగ్గేకొద్దీ తానూ తగ్గుతుంది. సీసాలోంచి గ్లాసెడు ఒంపితే, గ్లాసెడు గాలి లోపలికి వెళుతుంది. గాలితో పాటు దుమ్ము, సూక్ష్మజీవులు కూడా. సంచి అయితే కుంచించుకుపోతుంది. ద్రవం చివరి చుక్క దాకా గాలి తగలకుండా ఉంటుంది.

దీన్ని వ్యాపారంగా మార్చిన వాళ్లలో అమెరికాకు చెందిన విలియం షోల్ ఒకడు. 1955లో ఆయన అట్టపెట్టెలో ప్లాస్టిక్ సంచి పెట్టి అందులో నింపింది తాగేది కాదు, బ్యాటరీల్లో పోసే యాసిడ్! పదేళ్ల తర్వాత 1965లో ఆస్ట్రేలియాలో థామస్ ఆంగోవ్ అదే పద్ధతిలో ద్రాక్షసారా అమ్మాడు. మొదట్లో దానికి కుళాయి కూడా లేదు. మూల కత్తిరించి ఒంపుకుని, క్లిప్పు పెట్టుకోవాలి. మనం పాల కవర్ మూల కత్తిరించి, మిగిలిన పాలను అలాగే ఫ్రిజ్‌లో గోడకు ఆనించి నిలబెట్టినట్టే.

ఒదిగే గుణం మనిషి ప్రాణానికి అక్కరకొచ్చింది ఆసుపత్రిలో. ఒకప్పుడు రక్తాన్ని గాజు సీసాల్లో నిల్వ చేసేవారు. యుద్ధరంగానికి తీసుకెళ్తే పగిలేవి. ఇంకా పెద్ద చిక్కు వేరే ఉంది. సీసాలోంచి రక్తం దిగాలంటే లోపలికి గాలి వెళ్లాలి. ఆ గాలి పొరపాటున రోగి నరంలోకి పోతే ప్రాణాంతకం. బోస్టన్‌కు చెందిన శస్త్రవైద్యుడు కార్ల్ వాల్టర్ 1950 ప్రాంతంలో ప్లాస్టిక్ రక్తసంచిని తెచ్చాడు. రక్తం దిగేకొద్దీ సంచి చదునవుతుంది, గాలి అక్కర్లేదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ 1980ల్లో ఆ సంచిని మన దేశంలోనే తయారుచేసే పరిజ్ఞానాన్ని రూపొందించింది.

డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్ల కోసం బ్లడ్‌బ్యాంకుల ముందు నిలబడ్డ కుటుంబాలకు తెలియని సంగతి ఒకటుంది. దాత రక్తం ఒక సంచిలోకి వెళుతుంది. దానికి సన్నని గొట్టాలతో మరికొన్ని ఖాళీ సంచులు అంటిపెట్టుకుని ఉంటాయి. గిర్రున తిప్పితే బరువైన ఎర్రకణాలు అడుగుకు, తేలిక భాగం పైకి చేరతాయి. అప్పుడు సంచిని రెండు పలకల మధ్య మెల్లగా నొక్కుతారు. పై భాగం గొట్టంలోంచి పక్క సంచిలోకి జారుతుంది. మూత తీయరు, గాలి తగలదు. గాజు సీసానైతే ఇలా నొక్కగలమా?

మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఓ రాత్రంతా సెలైన్ వైపే చూస్తూ కూర్చున్నాను. అది సంచి కాదు, కాస్త గట్టి ప్లాస్టిక్ సీసా. సగం దిగాక చుక్క ఆగిపోయింది. నర్సమ్మ వచ్చి సీసా పై భాగాన ఓ సూది గుచ్చింది. గాలి సుయ్‌మంటూ లోపలికి పోయింది, చుక్కలు మళ్లీ మొదలయ్యాయి. "గాలి ఆడకపోతే దిగదండీ" అంది. ఆ చిన్న రంధ్రంలోంచి వార్డు గాలి మొత్తం మందులోకి పోతుందని ఆ రాత్రి నాకు తట్టలేదు. పూర్తిగా ఒదిగిపోయే మెత్తటి సంచి వాడితే ఆ సూది అవసరమే రాదు. కొన్ని రూపాయల తేడాకు మంచంలో ఉన్న మనిషిని ఆ ప్రమాదంలో పెట్టకూడదు.

చిత్తూరు తోటలు ఏడాది పొడవునా

తోతాపురి కాయను మన దగ్గర కలెక్టర్ కాయ, బెంగళూరా అని కూడా అంటారు. చిత్తూరు జిల్లాలో ఎండాకాలం చివర కొద్ది వారాల్లోనే కాయంతా కోతకు వస్తుంది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. గుజ్జు తీసి, వేడి చేసి, చల్లార్చి, సూక్ష్మజీవుల్లేని సంచుల్లో నింపుతారు. ఆ సంచి ఒక ఇనుప డ్రమ్ములో కూర్చుంటుంది. డ్రమ్ముకు సుమారు 215 కిలోలు. డ్రమ్ము ఇచ్చేది ఆకారమే, గుజ్జును కాపాడేది లోపలి సంచి. ఫ్రిజ్ లేకుండా ఏడాదిన్నర నిల్వ ఉంటుంది. గల్ఫ్‌లోనో ఐరోపాలోనో డిసెంబరు చలిలో ఎవరో మామిడి రసం తాగుతున్నారంటే దాని వెనక ఈ సంచి ఉంది.

ఇలా పెద్ద మొత్తంలో నిల్వ చేసే పద్ధతిని మలిచింది అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫిలిప్ నెల్సన్. టమాటా పంట కొద్ది రోజుల్లో మీదపడి కుళ్లిపోవడం ఆయన్ని కదిలించింది. ఈ కృషికే 2007లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నాడు. చిత్తూరు రైతుకు గిట్టుబాటు ధర ఏటా ఓ పోరాటమే. సంచి ఆ పోరాటాన్ని గెలిపించలేదు. అది లేకపోతే మాత్రం కొన్ని వారాల్లోనే కాయ రోడ్డు పక్కన కుప్పలు పడుతుంది.

సారా కూడా తేలికైంది

తేలికైన సంచి ఏది పోస్తే దాన్ని ఇంటిగుమ్మం దాకా చేరుస్తుంది. తెలుగునాట ఈ సంగతి ఆడవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

1980ల్లో వారుణివాహిని పేరుతో ప్రభుత్వ సారా ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఊళ్లకు చేరింది. అంతకుముందు తాగాలంటే సారాకొట్టుకు వెళ్లాలి. ప్యాకెట్ వచ్చాక జేబులో పట్టింది, సైకిల్ సంచిలో పట్టింది, పొలం గట్టుకు, ఇంటి అరుగుకు వచ్చేసింది. పగలదు, ఒలకదు, చిల్లరకే దొరుకుతుంది. కూలి డబ్బు ఇంటికి చేరేలోపే సగం దారిలో ఆవిరయ్యేది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగారు. 1992 నాటికి అది రాష్ట్రమంతా పాకిన ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం.

ఆ పోరాటం సారా మీదే కానీ ప్యాకెట్ మీద కాదు. అయినా దాన్ని పక్కన పెట్టి ఆ చరిత్ర చెప్పలేమని నాకనిపిస్తుంది. అంత తేలిగ్గా, అంత చిన్న కొలతల్లో దొరక్కపోతే సారా అన్ని గడపలు ఎక్కేది కాదు. సంచిని తయారుచేసేవాళ్లు దాని బలం, బరువు, ధర చూస్తారు. అది ఎవరింట్లోకి ఏం మోసుకెళుతుందో కూడా చూడాలి.

అదే తేలికదనం మరోరోజు దేవుడిలా వచ్చింది. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు పడవలు పోలేని సందుల్లోకి డ్రోన్లు ఆహారం, నీళ్లు మోశాయి. మేడల మీద నుంచి తాళ్లకు బకెట్లు కట్టి దించితే, పసిపిల్లల తల్లులు మొదట అడిగింది పాల ప్యాకెట్లే. అలాంటి రోజున గాజు సీసాతో ఏం చేయగలం?

▣ టొరంటోలో మన పాల కవర్

కెనడాలోని ఒంటారియోకు కొత్తగా వెళ్లిన తెలుగువాళ్లు సూపర్‌మార్కెట్‌లో పాలు చూసి ఇల్లు గుర్తు చేసుకుంటారు. అక్కడా పాలు ప్లాస్టిక్ సంచుల్లో వస్తాయి. మూడు సంచులు కలిపి 4 లీటర్లు. సంచిని ప్లాస్టిక్ జగ్గులో దించి మూల కత్తిరించి ఒంపుకుంటారు. 1960ల చివర్లో మొదలైన ఈ అలవాటు 1970ల్లో దేశం లీటర్ల కొలతకు మారినప్పుడు బాగా నిలదొక్కుకుంది. సీసా కొలత మార్చాలంటే కొత్త అచ్చులు కావాలి. సంచికైతే కత్తిరించే పొడవు మారిస్తే సరిపోతుంది.

కిలోకు ఆరు నెలలు

ఇక అసలు సంగతికి వద్దాం. ఖాళీ కవర్ ఎక్కడికి పోతోంది?

మా అమ్మ పాల కవర్‌ను నిలువునా కోసి, కడిగి, సింకు వెనక టైల్‌కు అతికించేది. తడికి అది అంటుకుని ఉండేది, ఆరాక దానంతటదే ఊడిపడేది. కట్ట కట్టి దాచి పాత పేపర్లతో పాటు అమ్మేది. కొన్నిట్లో కరివేపాకు, కొన్నిట్లో మిరప నారు. ఇప్పుడు చాలా ఇళ్లలో అది నేరుగా తడిచెత్తలోకి పోతోంది.

నిజానికి పాల కవర్ రీసైక్లింగ్‌కు మంచి సరుకు. అంతా ఒకే జాతి పాలిథీన్. కడిగి ఇస్తే కరిగించి గొట్టాలు, సంచులు చేస్తారు. నిలబడే అందమైన జ్యూస్ పౌచ్‌ల కథ వేరు. అడుగున మడత పెట్టి సంచిని నిలబెట్టే విద్యను 1962లో ఫ్రాన్స్‌లో లూయి డోయెన్ కనిపెట్టాడు. కుట్టుమిషన్‌కు ఆద్యుడైన తిమోనియే పేరున్న కంపెనీ ఆయనది. ఆలోచన గొప్పదే. కానీ అల్యూమినియం, రెండు మూడు రకాల ప్లాస్టిక్‌లు పొరలుగా అతికించిన పౌచ్‌ను మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. జ్యూస్ డబ్బాలో ముప్పాతిక భాగం కాగితమే అయినా, మిగతా పొరలను వేరుచేయడానికి ప్రత్యేక మిల్లు కావాలి. చూపుకు ఆనని పాల కవరే వీటన్నిటికన్నా తెలివైన రూపకల్పన. ఈ మాట నేను గట్టిగా నమ్మి చెబుతున్నాను.

మరెందుకు తిరిగి రావడం లేదు? మా సందు చివర పాత సామాన్ల కొట్టు నడిపే ఆవిడ ఒక్క ముక్కలో తేల్చింది. "తూగవండీ. ఏరినా ఏరినా తూగవు."

లెక్క వేశాను. కవర్ మూడు గ్రాముల లోపే కాబట్టి కిలో తూగాలంటే 350 కవర్లు దాటాలి. రోజుకు రెండు ప్యాకెట్లు కొనే ఇల్లు ఆరు నెలలు దాచాలి. మోసేటప్పుడు వరమైన తేలికే ఏరేటప్పుడు శాపమైంది. గాజు సీసాను పారేస్తే గుండె చివుక్కుమంటుంది. కవర్ చేతిలో ఉన్నట్టే ఉండదు.

ఉన్నా లేనట్టుండే ఆ కవర్ ఆవు కడుపులో తేలుతుంది. తడిచెత్త వాసనకు వచ్చిన పశువు కవర్‌తో సహా మింగేస్తుంది. పుట్టపర్తిలో కరుణ సొసైటీ ఆవులకు శస్త్రచికిత్సలు చేసి ప్లాస్టిక్ గుట్టలు బయటికి తీసింది. 2012లో ఇదే విషయం మీద సుప్రీంకోర్టు గడప ఎక్కింది. పాలిచ్చే పశువు కడుపులోకే పాల కవర్ పోతోందన్న మాట రాస్తుంటే చెయ్యి ఆగుతోంది.

ఇంకో చిన్న వస్తువుంది, వేలిగోరంత. ప్యాకెట్ మూల కత్తిరించినప్పుడు రాలే త్రికోణపు ముక్క. అది చీపురుకు అందదు, ఏరేవాళ్లకు కనబడదు. నేరుగా కాలువలోకి పోతుంది. మూలను పూర్తిగా తెగనీయకుండా వేలాడేలా కత్తిరిస్తే అది కవర్‌తోనే ఉండిపోతుంది. అలవాటు కావడానికి నాకు వారం పట్టింది. ఆ ముక్క ఊడకుండా చిరిగేలా కవర్‌నే తయారుచేస్తే ఈ వారం ఎవరికీ పట్టదు.

మహారాష్ట్ర 2018లో పాల కవర్‌ను తిరిగి ఇస్తే కనీసం 50 పైసలివ్వాలని నిబంధన పెట్టింది. అమలు సాఫీగా సాగలేదు. అయినా ఆ దారి సరైనదే. కవర్‌కు అర్ధరూపాయి అంటే కిలోకు 175 రూపాయలు దాటుతుంది. అప్పుడు కొట్టు ఆవిడ "తూగవు" అనదు. ప్లాస్టిక్‌కు బదులు వేరే పదార్థం వెతికేవాళ్లూ ఉన్నారు. లండన్ మారథాన్‌లో 2019లో సముద్రపు నాచుతో చేసిన, మింగేయదగ్గ పానీయపు బుడగలు పంచారు. చూడముచ్చటగా ఉంది. కానీ లక్షల లీటర్ల పాలు రోజూ గడపగడపకు చేరే చోట అలాంటి కొత్త పదార్థం కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. కవర్‌ను వెనక్కి తీసుకుపోగల పాల బండి రోజూ మన వీధికి వస్తోంది.

మొన్న తెల్లవారుజామున ఆ బండి కోసం కింద నిలబడ్డాను. డ్రైవర్ నిండు ట్రేలు దించి, నిన్నటి ఖాళీ ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటున్నాడు. నెల రోజులుగా దాచిన నా కవర్ల కట్ట అందించాను. అరవై కవర్లు, దారంతో కట్టినవి, మొత్తం ఓ కొబ్బరికాయంత కూడా లేదు.

"ఇవి డెయిరీకి తీసుకెళ్తారా?"

అతను కట్టను అరచేతిలో ఎగరేసి చూశాడు. "బరువేం లేదు కదండీ, ఎన్నయినా తీసుకెళ్లొచ్చు. అక్కడ తీసుకునేవాళ్లుండాలి గానీ."

కాసేపు ఆలోచించి, కట్టను పై ట్రేలో ఓ మూలకు దోపాడు. "దారిలో పాత సామాన్ల కొట్టుంది. అక్కడ దించేస్తాలెండి. రేపు కూడా ఇస్తారా?"